ఏడుగురు, ఆరు రోజులు, ఒక ఉమ్మడి పర్సు

ప్రశ్న: మాది తణుకు. దసరా సెలవుల్లో నేను, మావారు, పదో తరగతి చదివే అమ్మాయి, నాలుగో తరగతి బాబు, మా మరిది, తోటికోడలు, వాళ్ల పాప, మొత్తం ఏడుగురం ఆరు రోజులు బ్యాంకాక్, పట్టాయా వెళ్తున్నాం. అత్తగారు ప్రయాణం చేయలేనని ఇంటి దగ్గరే ఉంటానన్నారు. మా అందరికీ ఇదే మొదటి విదేశీ ప్రయాణం. విమానం టికెట్లు, హోటళ్లు, పొద్దున టిఫిన్ వరకు ఏజెంటుకి కట్టేశాం. మా నలుగురి చేతి ఖర్చుకి లక్షన్నర పక్కన పెట్టాం. అంతా నోట్లుగా మార్చి పట్టుకెళ్దామని మావారు, కార్డుండగా నోట్లెందుకని మరిది. ఎవరి మాట వినాలి? ఇంకో సంగతి. మరిదిది పెద్ద చెయ్యి. హోటల్లో బిల్లు రాగానే తనే ఇచ్చేస్తాడు, తర్వాత మేం ఇవ్వబోతే తీసుకోడు. మాకది అప్పులా అనిపిస్తుంది. చుట్టాలేమో ఏమేం తేవాలో ఇప్పటినుంచే చెప్తున్నారు. డబ్బు చెయ్యి దాటిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. (ఒక సోదరి)

సమాధానం: మీ ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా. నోట్లా, కార్డా అని మొదలుపెట్టారు గానీ మీ బెంగంతా ఆ "ఇంకో సంగతి" దగ్గరే ఉంది. కలిసి విదేశాలకి వెళ్లొచ్చిన కుటుంబాలు నాకు చాలానే తెలుసు. రూపాయి రేటు పడిపోయిందని వాళ్లలో ఎవరూ మాట్లాడుకోవడం మానలేదు. టాక్సీకి ఎవరిచ్చారు, కొబ్బరిబోండాలకి ఎవరిచ్చారు అన్న దగ్గర మాత్రం ముఖాలు మాడ్చుకున్నవాళ్లున్నారు. అందుకని ముందు మరిదిగారి సంగతి చూద్దాం. నోట్లు, కార్డులు తర్వాత.

ఉమ్మడి పర్సు ఒకటి పెట్టండి. జిప్పున్న చిన్న సంచి ఏదైనా సరిపోతుంది. మనిషికో వాటా, అంటే మీవి నాలుగు, వాళ్లవి మూడు. వాటాకి 2,000 బాట్ల చొప్పున మొదటిరోజే వేస్తే 14,000 బాట్లు అవుతాయి. టాక్సీలు, మధ్యాహ్నం, రాత్రి భోజనాలు, మంచినీళ్ల సీసాలు, అందరూ కలిసి వెళ్లే చోట్ల టికెట్లు, ఇవన్నీ అందులోంచే. రెండు రోజులకి అటూ ఇటూగా ఖాళీ అవుతుంది. అప్పుడు మళ్లీ అదే లెక్కన నింపండి. బట్టలు, మసాజులు, పిల్లల ఆటలు ఎవరివి వాళ్లవే. రాత్రి భోజనం దగ్గర మగవాళ్లు బీరు చెప్పుకుంటే ఆ బిల్లు కూడా విడిగానే. తాగినవాళ్ల ఖర్చు తాగనివాళ్ల వాటాలో పడితే పైకి ఎవరూ ఏమీ అనరు, లోపల మాత్రం అందరికీ గుర్తుంటుంది.

ఆ పర్సు ఎవరి దగ్గర ఉండాలన్నది అన్నిటికన్నా ముఖ్యం. మీ దగ్గర వద్దు, తోటికోడలి దగ్గరా వద్దు. మీ పదో తరగతి అమ్మాయికి ఇవ్వండి. చిన్న పుస్తకం, పెన్ను కూడా ఇచ్చి ప్రతి ఖర్చూ రాయమనండి. అన్నచేతిలో పర్సు ఉంటే తమ్ముడు "నువ్వాగు, నేనిస్తా" అంటాడు. చిన్నపిల్ల లెక్కపెట్టి నోట్లు తీస్తుంటే ఆ మాట అనడానికి ఎవరికీ నోరు రాదు. పైగా ఆ పిల్లకి వారం తిరిగేసరికి నోట్ల లెక్క మీ అందరికన్నా బాగా వస్తుంది. మా ఇంట్లో ఈ పని మా మేనకోడలు చేసింది. చివరిరోజు పైసలతో సహా అప్పజెప్పి, తన కమీషన్ కింద ఒక ఐస్‌క్రీమ్ అడిగింది!

ఈ మాట మరిదికి మీరు చెప్పొద్దు. వదిన చెప్తే లెక్కలు చూస్తున్నట్టు ఉంటుంది. మీవారిచేత చెప్పించండి, అదీ ప్రయాణానికి వారం ముందు, ఇంట్లో తీరిగ్గా కూర్చున్నప్పుడు. "ఒరేయ్, అక్కడ ప్రతిచోటా నోట్లు వెతుక్కోవడం, చిల్లర చూసుకోవడం నావల్ల కాదు. ఒక సంచిలో వేసి పిల్లకిచ్చేద్దాం" అంటే సరిపోతుంది. అతని పెద్ద చెయ్యి గురించి ఒక్క ముక్క కూడా రానివ్వకండి. ఇంకొకటి. పెట్టే చెయ్యి ఉన్న మనిషికి పెట్టడానికి ఏదో ఒకటి ఉండాలి, లేకపోతే చిన్నబుచ్చుకుంటాడు. "చివరిరోజు రాత్రి భోజనం నీదే" అని ఆ ఒక్కటీ వదిలిపెట్టండి. ఆరోజు మొహమాటపడకుండా తినండి.

ఏడుగురు వెళ్తున్నారు కాబట్టి ఒక చిక్కు ముందే చెప్పాలి. అక్కడి మామూలు టాక్సీలో నలుగురికి మించి ఎక్కించుకోరు. అంటే ప్రతిసారీ రెండు టాక్సీలు, రెండు బిల్లులు. ఏజెంటు విమానాశ్రయం నుంచి హోటల్‌కి బండి పంపిస్తాడా, బ్యాంకాక్ నుంచి పట్టాయాకి ఎవరిది ఖర్చు అన్నది ఇప్పుడే అడిగి రాయించుకోండి. పంపించకపోతే సువర్ణభూమి విమానాశ్రయంలో వరుసలో నిలబడి తీసుకునే మీటరు టాక్సీ మంచిది. మీటరు 35 బాట్లతో మొదలవుతుంది. పైన 50 బాట్లు విమానాశ్రయం రుసుము, టోల్ గేట్లు విడిగా మీరే కట్టాలి. ఇది మోసం కాదు, అక్కడి పద్ధతే. మీటరు వెయ్యనంటే దిగిపోండి. ఊళ్లో తిరగడానికి గ్రాబ్, బోల్ట్ యాప్‌లు ఇక్కడినుంచే ఫోన్లో పెట్టుకోండి. ఎక్కకముందే ఎంతో కనిపిస్తుంది కాబట్టి బేరం బాధ ఉండదు.

ఇక మీ లక్షన్నర. బాట్ రేటు రోజూ మారుతుంది, ఈమధ్య మూడు రూపాయలకి దగ్గర్లో ఉంటోంది. మనసులో లెక్కకి బాట్ అంటే మూడు రూపాయలు అనే పెట్టుకోండి. ధర చూసి మూడుతో గుణించడం నాలుగో తరగతి బాబుకి కూడా వస్తుంది. ఆ లెక్కన మీ చేతిలో 50,000 బాట్లు. బండి మీద నూడుల్స్, అన్నం లాంటివి 60 నుంచి 100 బాట్లకి దొరుకుతాయి. మన భోజనం కావాలని బ్యాంకాక్‌లో ప్రతూనం అనే పేట చుట్టుపక్కల ఇండియన్ హోటల్‌కి వెళ్తే మనిషికి 300 బాట్లు ఇట్టే అవుతాయి. రోజుకి ఒకపూట అది, ఒకపూట ఇది అనుకుంటే తిండికీ తిరుగుడుకీ కలిపి మనిషికి 750 బాట్లు పెట్టుకోవచ్చు. మీ నలుగురికి ఆరు రోజులకి 18,000 బాట్లు, అంటే 54,000 రూపాయలు. టికెట్లకీ పడవలకీ ఇంకో 30,000 రూపాయలు. గ్రాండ్ ప్యాలెస్ ఒక్కటే విదేశీయులకి తలా 500 బాట్లు మరి. షాపింగ్‌కి 30,000. మిగిలిన 36,000 లేదనుకోండి. ఎవరికైనా జ్వరమొస్తే, ఫోన్ పోతే, విమానం ఆలస్యమైతే అప్పుడు ఉందని గుర్తుచేసుకోండి. ఆ డబ్బుని షాపింగ్‌లోకి దించడానికి మీ ఇంట్లో ఎవరు ముందు ప్రయత్నిస్తారో మీకే తెలుసు.

నోట్లా, కార్డా అంటే మీవారు సగం కరెక్టు, మీ మరిది సగం కరెక్టు. బండ్లు, సంతలు, పడవలు, చిన్న హోటళ్లు, అన్నీ నోట్ల మీదే నడుస్తాయి. మాల్స్‌లో, పెద్ద హోటళ్లలో కార్డు తీసుకుంటారు. మనవాళ్లు అందరూ అడిగే ప్రశ్న ఇంకోటుంది, ఫోన్‌పే, గూగుల్ పే పనిచేస్తాయా అని. యూపీఐ శ్రీలంక, మారిషస్, యూఏఈ, నేపాల్, భూటాన్ లాంటి చోట్లకి వెళ్లిన మాట నిజమే. థాయ్‌లాండ్‌లో ప్రతి బండి మీదా క్యూఆర్ కోడ్ కనిపిస్తుంది గానీ అది మన యూపీఐ లాంటి వాళ్ల సొంత ప్రాంప్ట్‌పేది. స్కాన్ చేసేసి కట్టేద్దాం అనే ధైర్యంతో వెళ్లకండి.

నేనైతే ఇలా చేస్తాను. దిగగానే ఖర్చులకి 5,000 బాట్లు ఇక్కడే కొనుక్కుంటాను. ఒక 600 డాలర్లు, వంద డాలర్ల నోట్లుగా తీసుకుంటాను. మిగతాది కార్డుల్లో ఉంచుతాను. వంద నోట్లే ఎందుకంటే అక్కడ డబ్బు మార్చేవాళ్లు వంద డాలర్ల నోటుకి ఒక రేటు, ఇరవై నోటుకి అంతకన్నా తక్కువ రేటు ఇస్తారు. మరకలు, చిరుగులు, పెన్నుగీతలు ఉన్న నోట్లని వెనక్కి ఇచ్చేస్తారు, కాబట్టి ఇక్కడ తీసుకునేటప్పుడే ఒక్కొక్కటీ చూసుకోండి. మన రూపాయలు అక్కడ కొన్నిచోట్ల తీసుకుంటారు గానీ రేటు చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. సువర్ణభూమిలో సామాన్లు తీసుకుని బయటికి రాగానే కనిపించే కౌంటర్ల దగ్గర మార్చకండి. కింద బేస్‌మెంట్లో, ఊళ్లోకి వెళ్లే రైలు ఎక్కేచోట, సూపర్‌రిచ్ లాంటి డబ్బు మార్చే కౌంటర్లు కొన్ని ఉంటాయి. పై అంతస్తుకీ అక్కడికీ రేటులో బాగా తేడా ఉంటుంది. పాస్‌పోర్టు చేతిలో పెట్టుకుని వెళ్లండి, అడుగుతారు.

ఇక్కడ డాలర్లు, బాట్లు కొనేటప్పుడు రేటు ఎంత అని అడగడం పొరపాటు. రేటు ఒకటి చెప్తారు, కమీషన్ అంటారు, జీఎస్టీ అంటారు, చివరికి లెక్క ఎక్కడికో పోతుంది. "లక్ష రూపాయలు మీ ఖాతాలో వేస్తే అన్నీ పోను నా చేతికి ఎన్ని డాలర్లు వస్తాయి?" అని ఇద్దరు ముగ్గుర్ని అడగండి. ఆ ఒక్క అంకె చాలు పోల్చుకోవడానికి. జీఎస్టీ చిన్నదే, కనీసం 45 రూపాయలు. అసలు సంపాదన రేటులోనే ఉంటుంది. పాన్ కార్డు, పాస్‌పోర్టు, టికెట్ అడుగుతారు. 50,000 రూపాయలు దాటితే నగదు ఇచ్చి కొనకూడదు, ఖాతానుంచే కట్టాలి. మనిషికి 3,000 డాలర్ల వరకు నోట్లు పట్టుకెళ్లొచ్చు కాబట్టి మీకు ఆ హద్దుతో పనే లేదు. రసీదు పారేయకండి.

కార్డుల దగ్గర నేనే ఒకసారి దెబ్బతిన్నాను. బ్యాంకాక్‌లో ఒక మాల్‌లో బూట్లు కొంటే మెషీన్ మీద రెండు అంకెలు వచ్చాయి, ఒకటి బాట్లలో, ఒకటి రూపాయల్లో. రూపాయలైతే నాకు అర్థమవుతుంది కదా అని రూపాయలే నొక్కాను. ఇంటికొచ్చాక ఆరోజు రేటుతో లెక్కేస్తే ఐదు వందల పైనే ఎక్కువ పోయింది. రూపాయల్లోకి మార్చే పని మెషీన్ వాడికి అప్పగిస్తే వాడు తనకి నచ్చిన రేటు వేసుకుంటాడు. ఎప్పుడూ బాట్లే నొక్కండి. ఏటీఎం దగ్గర కూడా అంతే.

అలా నొక్కినా మామూలు క్రెడిట్ కార్డుకి మూడున్నర శాతం మార్కప్, అంటే విదేశీ ఖర్చు మీద బ్యాంకు వేసుకునే అదనపు రుసుము, ఉంటుంది. దానిమీద 18 శాతం జీఎస్టీ కలిపితే 4.13 శాతం. పదివేల వస్తువుకి 413 రూపాయలు అదనం. మార్కప్ లేని కార్డులు కూడా వస్తున్నాయి, మీ బ్యాంకులో అడగండి. ఫారెక్స్ కార్డు, అంటే విదేశీ డబ్బు ముందే వేసుకుని వాడే కార్డు, తీసుకుంటే దానిలో బాట్లు వేస్తారా అని ముందు అడగాలి. డాలర్లు వేసిన కార్డుతో బాట్లలో ఖర్చుపెడితే చాలా కార్డులు మళ్లీ ఒకసారి మార్పిడి రుసుము తీసుకుంటాయి. కార్డు కొన్న లాభం అక్కడే ఆవిరి.

అక్కడి ఏటీఎంలు మన కార్డుకి ప్రతిసారీ సుమారు 220 బాట్లు పట్టుకుంటాయి. రెండు వేల బాట్లు తీస్తే అందులో 11 శాతం దానికే పోయినట్టు. పదివేలు తీసినా అదే 220. కాబట్టి తప్పనిసరైతే ఒకేసారి పెద్ద మొత్తం, అదీ డెబిట్ కార్డుతో తీయండి. క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో డబ్బు తీశారంటే ఆరోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. పట్టాయా హోటళ్లలో గదికి వెయ్యో రెండు వేలో బాట్లు డిపాజిట్ అడగడం మామూలే. దాన్ని డెబిట్ కార్డు మీద పెట్టొద్దు, ఆ డబ్బు మీ ఖాతాలోకి తిరిగి రావడానికి రోజులు పడుతుంది. నోట్లు ఇచ్చి రసీదు తీసుకోండి, ఖాళీ చేసేటప్పుడు తిరిగి తీసుకోండి.

2020 మార్చి తర్వాత ఇచ్చిన కార్డులు దేశం బయట వాటంతటవే పనిచేయవు. బ్యాంకు యాప్‌లో విదేశీ వాడకం ఆన్ చేసి, రోజుకి ఇంత అని పరిమితి పెట్టుకోవాలి. ఇది ఇక్కడే చేసుకోండి. ఓటీపీ వచ్చే సిమ్‌కి రోమింగ్ పెట్టించుకోకపోతే అక్కడ కూర్చుని ఏమీ మార్చలేరు. మీ కార్డు మీ దగ్గర, మీవారిది ఆయన దగ్గర, డాలర్లు ఇంకో చోట. మూడూ ఒకే హ్యాండ్‌బ్యాగులో వద్దు.

డబ్బు గుంజే చోట్లు కొన్ని ఉన్నాయి. ప్రయాణానికి మూడు రోజుల ముందునుంచి ఆన్‌లైన్లో నింపాల్సిన థాయ్ డిజిటల్ అరైవల్ కార్డు పూర్తిగా ఉచితం. డబ్బు అడిగిందంటే అది ప్రభుత్వ వెబ్‌సైట్ కాదు. గ్రాండ్ ప్యాలెస్ దగ్గర ఒక పెద్దమనిషి నవ్వుతూ వచ్చి "ఈరోజు మూసేశారు, టుక్‌టుక్‌లో వేరే గుడి చూపిస్తా" అంటాడు. నమ్మితే నేరుగా రత్నాల దుకాణంలో తేలతారు. గేటుదాకా వెళ్లి మీ కళ్లతో చూసుకోండి. మోకాళ్లు, భుజాలు కప్పే బట్టలు వేసుకుంటే అక్కడ ప్యాంట్లు కొనే పని కూడా ఉండదు. పట్టాయాలో కోరల్ ఐలాండ్‌కి గైడ్ చెప్పే స్పీడ్‌బోటు ప్యాకేజీ ఒకటి ఉంటుంది. బాలి హాయ్ రేవునుంచి మామూలు పడవలో తలా 30 బాట్లకే వెళ్లొచ్చు, ముప్పావుగంట పడుతుంది. ప్యాకేజీలో వెళ్తే దారిలో పారాసెయిలింగ్ (పడవకి కట్టిన గాలిగొడుగులో ఎగరడం) దగ్గర ఆపి, పిల్లల ముందే ధర చెప్తారు. మీరు వద్దంటే పిల్లలు ఏడుస్తారు, మరిది పర్సు తీస్తాడు. ఎక్కాలా వద్దా అన్నది ముందురోజు రాత్రి హోటల్లోనే తేల్చుకోండి. నీళ్లమీద నడిపే స్కూటర్ లాంటి జెట్ స్కీ మాత్రం అసలు ముట్టుకోవద్దు. తిరిగి తెచ్చాక "ఈ గీత నువ్వే పెట్టావ్" అని వేలకి వేలు అడగడం అక్కడ పాత కథ.

వెయ్యి బాట్ల నోటు ఇస్తే టాక్సీవాళ్లు చిల్లర లేదంటారు. సెవెన్ ఇలెవెన్ కొట్లో నీళ్ల సీసా కొని మార్చుకోండి. గాలికి నోటు ఎగిరిపోతే కాలితో తొక్కి ఆపొద్దని పిల్లలకి చెప్పండి, దానిమీద వాళ్ల రాజుగారి బొమ్మ ఉంటుంది, పెద్ద తప్పుగా చూస్తారు.

ఏజెంటు బిల్లులో టీసీఎస్ అని ఒక పద్దు ఉంటుంది, చూడండి, మీ దగ్గర ముందే వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే పన్ను అది. అది ఎవరి పాన్ మీద కట్టారో వాళ్లే రిటర్నులో పన్ను కింద సర్దుకోవచ్చు, పన్ను లేకపోతే వెనక్కి తీసుకోవచ్చు. ఏడుగురి బిల్లూ మరిది పాన్ మీద ఉంటే మీ వాటా టీసీఎస్ అతని ఖాతాలో పడుతుంది. ఇదొక్కటి మాత్రం మొహమాటం లేకుండా అడగొచ్చు, అతనికే తెలిసి ఉండదు.

చుట్టాల జాబితాకి వస్తే, "తెస్తాలే" అనడం ఇవాళే ఆపండి. "బ్యాగు బరువు ఏజెంటు తక్కువే ఇచ్చాడండీ" అనండి, అబద్ధం కూడా కాదు. అందరికీ కలిపి 2,000 బాట్లు అని గీత గీసుకుని, సెంట్రల్ వరల్డ్ ఎదురుగా ఉన్న బిగ్ సి లో ఎండు మామిడి ముక్కలు, చింతపండు మిఠాయిలు ఒకేసారి కొనేయండి. విమానాశ్రయంలో అవే కొంటే ధర చాలా ఎక్కువ. గొలుసు తెమ్మన్నవాళ్లు ఎవరైనా ఉంటే వద్దని చెప్పేయండి. అక్కడ బంగారం తూకం పేరు కూడా బాట్, అంటే పదిహేను గ్రాముల పైన. ధరలు చదివేటప్పుడు మనవాళ్లు తికమకపడేది అక్కడే. ఏడాదికి పైగా విదేశంలో ఉండి వచ్చేవాళ్లకి ఇచ్చే నగల మినహాయింపు వారం టూరుకి వెళ్లొచ్చేవాళ్లకి రాదు. మన కస్టమ్స్ దగ్గర ఇంకొకరి గొలుసు కోసం మీరు నిలబడాలి.

తిరిగొచ్చేరోజు ఉమ్మడి పర్సులో ఎంతో కొంత మిగులుతుంది. చిల్లర నాణేలు ఇక్కడ ఎవరూ మార్చరు. దాన్ని పంచుకోవద్దు. మీరు, మీ తోటికోడలు కలిసి ఏదైనా మందుల షాపుకి వెళ్లి అత్తగారి మోకాళ్లకి రెండు మూడు సీసాల థాయ్ బామ్ కొనండి. ఏ కోడలు తెచ్చిందో ఆవిడకి చెప్పకండి.